వినోద పరిశ్రమాధిపతి బి. నాగిరెడ్డి : ఒక పరిశీలన

మానవునికి అన్నవస్త్రాల తరువాత కావలసినది ఉల్లాసం. మన రాయలసీమ పల్లెలలో తోలుబొమ్మలాట, వీధినాటకం, తిరునాళ్లలో తిరిగే రంగులరాట్నం ఆ అవసరాన్ని తరతరాలుగా తీర్చుతూ వచ్చాయి. ఇరవయ్యవ శతాబ్దంలో ఈ వినోదమే ఒక పెద్ద పరిశ్రమగా మారింది. పరిశ్రమ అన్న తరువాత దానికి పెట్టుబడి ఉంటుంది, కార్మికులు ఉంటారు, లాభనష్టాలు ఉంటాయి. వీటన్నిటికీ బాధ్యత వహించే యజమాని ఒకడుంటాడు. తెరమీద కనిపించే నటుని లోకం గుర్తుంచుకొన్నంతగా తెరవెనుక నిలిచిన యజమానిని గుర్తుంచుకోదు. గుర్తుంచుకొన్నప్పటికీ అతని విజయాలను మాత్రమే ఏకరువు పెట్టి స్తుతించడమో, చివరి దశను మాత్రమే చూచి చప్పరించడమో జరుగుతూ ఉంటుంది. ఈ రెండూ న్యాయమైన తీర్పులు కావు. ఏ నిర్ణయం ఏ పరిస్థితులలో తీసుకోబడింది, దాని ఫలితం ఎవరికి చేరింది అని విచారించడమే సరైన పద్ధతి.

ఆ పద్ధతిలో పరిశీలించదగిన మహావ్యక్తి మన కడప జిల్లాలోనే జన్మించారు. ఆయన బి. నాగిరెడ్డి. విజయా సంస్థ అధినేతగా, వాహినీ స్టూడియో యజమానిగా, చందమామ వ్యవస్థాపకునిగా ఆయన పేరు తెలియని తెలుగువారు లేరు. ఆయన మరణించి రెండు దశాబ్దాలు దాటిన ఈనాడు, అభిమానాన్ని కాస్త పక్కకు పెట్టి ఆయన నాయకత్వాన్ని తూచి చూడడానికి తగిన దూరం మనకు లభించింది.

బాల్యం, వ్యాపార సంస్కారం

బొమ్మిరెడ్డి నాగిరెడ్డి 1912 డిసెంబరు 2వ తేదీన కడప జిల్లా పొట్టిపాడు గ్రామంలో జన్మించారు. ఆయన అన్నగారే సుప్రసిద్ధ దర్శకులు బి.ఎన్. రెడ్డి. వానదేవుని కరుణపై ఆధారపడిన మెట్టసీమలో పుట్టిన కుటుంబమైనా, ఇంటివారి దృష్టి పొలం గట్టు దగ్గరే ఆగిపోలేదు. వారు మద్రాసు చేరి, ఉల్లిపాయలను బర్మా దేశానికి ఎగుమతి చేసే వ్యాపారం సాగించారు. ఆ రోజులలో కడప సీమవారికి పెద్ద పట్టణమంటే మద్రాసే. కడపనుండి ఒంటిమిట్ట, నందలూరు, రాజంపేట, రేణిగుంటల మీదుగా సాగిపోయే రైలుదారి చదువుకోసం, కోర్టు పనులకోసం, బేరసారాలకోసం ఎందరినో ఆ మహానగరానికి చేర్చింది.

ఎగుమతి వ్యాపారం ఓర్పును, సాహసాన్నీ ఏకకాలంలో నేర్పుతుంది. సరుకు ఓడ ఎక్కిన తరువాత తుపానుకూ, ధర పతనానికీ సిద్ధపడి ఉండవలసిందే. 1942లో రంగూను జపాను సైన్యం వశమైనప్పుడు బర్మాతో మన వ్యాపారులకు గల దారి మూసుకొనిపోయింది. ఒకే సరుకును, ఒకే విపణిని నమ్ముకొన్న వ్యాపారం ఎంత నిపుణంగా నడిచినా ఒక్క దెబ్బతో నేలకూలగలదని ఆ కాలం వర్తక కుటుంబాలన్నిటికీ బోధించింది. నాగిరెడ్డి తరువాతి జీవితమంతా ఒకదానికొకటి ఊతమిచ్చే పలు సంస్థలను నిర్మించడంలో గడిచిందంటే, దాని వెనుక ఈ అనుభవపు నీడ ఉన్నదని భావించడం అసమంజసం కాదు.

అన్నగారు బి.ఎన్. రెడ్డి అనంతపురం సీమకు చెందిన మూలా నారాయణస్వామి ప్రభృతులతో కలసి వాహినీ సంస్థను స్థాపించి, 1939లో వందేమాతరం చిత్రాన్ని నిర్మించారు. ఆ సంస్థ 1943లో వెలువరించిన భక్త పోతన మన ఒంటిమిట్ట వారికి ఆత్మీయమైన చిత్రం. పోతనామాత్యుడు తన భాగవతాన్ని ఇక్కడి కోదండరామునికి అంకితమిచ్చెనని ఈ ప్రాంతంవారి విశ్వాసం. ఆలయంలో ఆయన విగ్రహం ఉన్నది. ఆ మహాకవిగా నాగయ్య నటించగా, కె.వి. రెడ్డి తొలిసారి దర్శకత్వం వహించారు. రాయలసీమ పెట్టుబడి, రాయలసీమ దర్శకుడు, రాయలసీమ తన కవిగా భావించుకొనే పోతన కథ, ఈ మూడూ మద్రాసులో కలిశాయి. మనవారి ప్రతిభకు ఇది నిదర్శనమే. కాని ఆ కలయికకు వేదిక సీమలో లేకపోవడం గమనించవలసిన విషయం.

అచ్చు యంత్రం నుండి చందమామ వరకు

అన్నగారు కళవైపు మొగ్గగా, తమ్ముడు నిర్వహణవైపు మొగ్గారు. ముద్రణాలయాన్ని నడిపి, కాగితం, సిరా, కూలి, గడువు అనే నాలుగింటి విలువ తెలుసుకొన్నారు. ఈ దశలోనే ఆయనకు తెనాలి ప్రాంతీయుడైన చక్రపాణితో స్నేహం ఏర్పడింది. చక్రపాణి అసలు పేరు ఆలూరి వెంకట సుబ్బారావు. క్షయవ్యాధికి మదనపల్లె శానిటోరియంలో చికిత్స పొందుతూ బెంగాలీ భాష నేర్చి, శరత్ బాబు నవలలను తెలుగువారికి అందించిన రచయిత ఆయన. లెక్క చూడగల నాగిరెడ్డికి కథ చూడగల చక్రపాణి తోడైనారు. వీరి మైత్రి 1975 సెప్టెంబరులో చక్రపాణి కన్నుమూసే వరకు చెక్కుచెదరలేదు. భాగస్వామ్యాలు ఏడాదిలో విచ్ఛిన్నమయ్యే సినిమా రంగంలో ఇది అరుదైన సంగతి. తనకు లేని శక్తి ఎవరిలో ఉన్నదో గుర్తించి, వారికి పూర్తి అధికారమిచ్చి, ఆ పనిలో తాను జోక్యం చేసికొనకుండుట నాయకునికి ఉండవలసిన ప్రథమ లక్షణం. నాగిరెడ్డికి అది సమృద్ధిగా ఉన్నది.

స్వాతంత్ర్యానికి నెల ముందు, 1947 జూలైలో, తెలుగు తమిళ భాషలలో చందమామ వెలువడింది. పిల్లల పత్రిక లాభసాటి కాదని అనుకొనే కాలం అది. అయితే ఒకే కథకు, ఒకే బొమ్మకు పలు భాషలలో పాఠకులుంటారని నాగిరెడ్డి గ్రహించారు. బొమ్మ వేయడానికి అయ్యే ఖర్చు ఒక్కసారే. అది ఎన్ని భాషలకు పంచబడితే ప్రతిభాషపైన పడే భారం అంత తగ్గుతుంది. నేడు వాణిజ్యశాస్త్ర విద్యార్థులు పాఠంగా చదివే ఈ సూత్రాన్ని ఆయన ఆచరణలో పెట్టి చూపారు. కన్నడం, హిందీ, మరాఠీ, మలయాళం, గుజరాతీ, ఒరియా, బెంగాలీ మొదలుకొని సంస్కృతం వరకు, దేశం వెలుపల సింహళం వరకు చందమామ విస్తరించింది. కొడవటిగంటి కుటుంబరావు వంటి రచయిత దాని సంపాదకత్వ బాధ్యతను దశాబ్దాల తరబడి నిర్వహించారు. చిత్ర, శంకర్, వడ్డాది పాపయ్యల బొమ్మలు లక్షలాది బాలబాలికల ఊహకు రెక్కలు తొడిగాయి.

విజయా సంస్థ, వాహినీ స్టూడియో

వడపళనిలోని వాహినీ స్టూడియో ఆర్థికపు చిక్కులలో పడినప్పుడు నాగిరెడ్డి దానిని ముందు కౌలుకు తీసికొని, తరువాత సొంతం చేసికొన్నారు. కొనడానికి ముందు కౌలుకు తీసికొనడంలోనే వర్తకుని జాగ్రత్త కనిపిస్తుంది. నడిపి చూచి, లోటుపాట్లు తెలిసిన తరువాతనే ఆయన పెద్ద సొమ్ము దించారు. క్రమంగా విజయా వాహినీ ఆసియాలోనే పెద్ద స్టూడియోగా పేరు గడించింది. చిత్రీకరణ అంతస్తులు, శబ్దగ్రహణం, లేబరేటరీ ఒక్క ఆవరణలోనే అమరాయి. తన చిత్రం లేనినాడు ఇతర నిర్మాతల చిత్రాలకు అద్దె వచ్చేది. ఒక చిత్రం నష్టపోయినా మిగిలిన ఆదాయం సంస్థను నిలబెట్టేది.

ఈ ఏర్పాటు విలువ తొందరలోనే తెలిసివచ్చింది. 1950లో విడుదలైన తొలి చిత్రం షావుకారు పెద్దల మన్నన పొందినా ధనరాశులు కురిపించలేదు. మరుసటి సంవత్సరం పాతాళభైరవి ఘనవిజయం సాధించింది. 1954లో ఎంతో వ్యయంతో నిర్మించిన చంద్రహారం నిరాశపరచింది. సామాన్య నిర్మాత అయితే ఆ దెబ్బతో ఇల్లు అమ్ముకొనేవాడు. విజయా వారు 1955 జనవరిలో మిస్సమ్మను, 1957లో మాయాబజార్‌ను, 1962లో గుండమ్మ కథను ప్రజలకు అందించారు.

మాయాబజార్ నిర్మాణం ఆయన నిర్వహణకు గీటురాయి వంటిది. గోఖలే, కళాధర్‌ల కళాదర్శకత్వంలో స్టూడియోకు చెందిన సుమారు 400 మంది వడ్రంగులు, రంగులు వేసేవారు, దీపాలవారు శ్రమించారు. ద్వారకానగరాన్ని మూడు వందల చిన్న ఇళ్లతో నమూనాగా నిర్మించారు. మార్కస్ బార్ట్లే ఛాయాగ్రహణం ఆ బొమ్మల నగరానికి నిజనగరపు శోభ కల్పించింది. ఇంతమంది పనివారిని ఒక్క చిత్రంకోసం పోగుచేయడం దుస్సాధ్యం. వారు సంస్థలో నిత్యోద్యోగులుగా ఉండడంవల్లనే అది సాధ్యమైంది.

జీతం, క్రమశిక్షణ

విజయా సంస్థ నటులకు సైతం నెలజీతం ఇచ్చేది. ఎన్.టి. రామారావు తొలి దశలో ఆ పద్ధతిలోనే అక్కడ పనిచేశారు. ఈ విధానాన్ని రెండు వైపులా చూడాలి. పేరులేని కొత్తవానికి నెల మొదటి తేదీన జీతం అందడం గొప్ప భరోసా. రేపటి చింత లేనందున అతడు కత్తిసాము, వాచికం నేర్చుకొనగలడు. అయితే ఆ నటునికి లోకంలో గిరాకీ పెరిగిన తరువాత జీతపు కట్టుబాటు యజమానికే లాభం చేకూరుస్తుంది. తారల పారితోషికాలు పెరిగిన 1960ల నాటికి ఆ పద్ధతి సడలిపోవడం సహజ పరిణామమే. నాగిరెడ్డి నటులను బంధించి పెట్టలేదు. వారు ఎదిగిన కొలదీ సంస్థకు వెలుపల కూడా వెలిగారు. కాని ఆయన లెక్కకు మూలమైన ఒక స్తంభం మాత్రం అప్పుడే కదలింది.

క్రమశిక్షణ విషయంలో విజయా వారు ఎవరికీ మినహాయింపు ఇవ్వలేదు. మిస్సమ్మ చిత్రంలో ముందు నాయిక భానుమతి. కొంత చిత్రీకరణ జరిగిన తరువాత, ఒకనాడు ఆమె ఆలస్యంగా వచ్చిన కారణంగా చక్రపాణితో భేదం ఏర్పడి, ఆ పాత్ర సావిత్రికి దక్కింది. భానుమతి అప్పటికే మహానటి, స్వయంగా నిర్మాత. ఆమెను వదులుకొనడమంటే తీసిన ఫిలిమునూ, పెట్టిన సొమ్మునూ వదులుకొనడమే. భాగస్వామి నిర్ణయానికి నాగిరెడ్డి అడ్డు చెప్పలేదు. చిత్రం విజయవంతమైనందున ఆ నిర్ణయం సరైనదని చెప్పడం సులభం. వాస్తవానికి ఒక్కనాటి ఆలస్యానికి అంతటి శిక్ష కఠినమే. అయినా వందలాదిమంది కార్మికులు వేళకు వచ్చి నిలబడే చోట పెద్దవారికొక నియమం, చిన్నవారికొక నియమం ఉండరాదన్న సూత్రం దానివల్ల స్థిరపడింది.

ఒక పోలిక

మిస్సమ్మ విడుదలైన 1955లోనే, జూలై 17న, అమెరికాలోని కాలిఫోర్నియాలో వాల్ట్ డిస్నీ తన వినోదవనాన్ని ప్రారంభించాడు. నారింజతోటలను కొని సుమారు 160 ఎకరాలలో నిర్మించిన డిస్నీలాండ్ ప్రపంచ వినోద వ్యాపార చరిత్రలో నూతనాధ్యాయం. ఆ ఇద్దరినీ పక్కపక్కన నిలిపి చూచినప్పుడు నాగిరెడ్డి నిర్ణయాల స్వరూపం స్పష్టపడుతుంది.

పోలికలు ఆశ్చర్యకరంగా ఉన్నాయి. అక్కడా ఇద్దరు అన్నదమ్ములే. అయితే అక్కడ అన్న రాయ్ లెక్కలు చూడగా తమ్ముడు వాల్ట్ కలలు కన్నాడు. ఇక్కడ అన్న కళాకారుడు, తమ్ముడు నిర్వాహకుడు. ఇద్దరికీ స్టూడియోలున్నాయి. ఇద్దరూ పిల్లల మనసెరిగినవారే. భేదం స్టూడియో సంపాదించిన సొమ్మును ఎటు మళ్లించారన్న దానిలో ఉన్నది. డిస్నీ దానిని వినోదవనంగా మార్చి, తన సినిమా పాత్రలు నడయాడే శాశ్వత ప్రదేశాన్ని నిర్మించాడు. సినిమా పాతబడినా వనానికి వచ్చేవారి టికెట్టు సొమ్ము ఆగలేదు. 1966లో అతడు మరణించినా, అన్న రాయ్ పూనిక వహించి 1971లో ఫ్లోరిడాలో రెండవ వనాన్ని తెరిపించాడు. తరువాత చిత్రాలు దెబ్బతిన్న కాలంలో ఆ సంస్థను ఆదుకొన్నవి వనాలే.

నాగిరెడ్డి వద్ద తోటరాముడు, ఘటోత్కచుడు ఉన్నారు, చందమామలో విక్రమార్కుడు, భేతాళుడు ఉన్నారు. వడపళనిలో స్థలమున్నది. నిర్మాణ కౌశలం గల పనివారున్నారు. తలచుకొంటే మన దేశపు తొలి వినోదవనాలలో ఒకటి ఆయన చేతిమీదుగా వెలసి ఉండేదేమో. ఆయన ఆ దారి పట్టలేదు. 1972లో ఆ ప్రాంతంలోనే విజయా ఆసుపత్రిని స్థాపించారు. తెలుగు స్టూడియో ఒకటి వినోద విహార స్థలంగా రూపొందడానికి 1996లో హైదరాబాదు సమీపాన రామోజీ ఫిలిం సిటీ వెలసే వరకు మనం వేచి ఉండవలసి వచ్చింది.

కేవల వ్యాపార దృష్టితో చూస్తే ఆయన ఒక అవకాశాన్ని వదులుకొన్నారు. కాని ఆనాటి మన దేశంలో కుటుంబమంతా కలసి టికెట్టు కొని విహరించగల మధ్యతరగతి ఎంత? నాటి ప్రజకు ఏది ఎక్కువ అవసరం? రాయలసీమ, నెల్లూరు ప్రాంతాలనుండి జబ్బు ముదిరిన తరువాత రైలెక్కి మద్రాసు చేరే రోగులు కొల్లలు. వారి భాష తెలిసిన పెద్ద ఆసుపత్రి అక్కడ ఉండడం ఎంతటి ఉపకారమో వేరుగా చెప్పనక్కరలేదు. స్టూడియో వెలుగులు తగ్గిన తరువాత కూడా ఆ ఆసుపత్రి నిలిచింది. ఆయన నిర్ణయాలలో దీర్ఘాయుష్షు పొందినది ఇదే.

భక్తుల వరుస

1980 తరువాతి సంవత్సరాలలో ఆయన తిరుమల తిరుపతి దేవస్థానముల పాలకమండలి అధ్యక్షులుగా పనిచేశారు. కొండపైన గంటల తరబడి నిలబడే భక్తులకు నీడ, కూర్చొను చోటు కల్పించిన వైకుంఠం వరుసల భవనం ఆయన హయాంతో ముడిపడి ఉన్నది. వేలమందిని కదలించడం, వేచి ఉన్నవారికి విసుగు కలుగకుండా చూడడం స్టూడియో యజమానికి పరిచితమైన విద్యయే. వినోదవనాల నిర్వాహకులకు కూడా ప్రధాన సమస్య ఈ వరుసయే. 2015 నుండి ఒంటిమిట్టలో రాష్ట్ర లాంఛనాలతో జరుగుతున్న శ్రీరాముని కల్యాణానికి తరలివచ్చే జనసందోహాన్ని చూచిన మనకు, ఆ పని ఎంత కష్టమైనదో తెలియనిది కాదు.

లోపాలు

ఇక లోటుపాట్ల సంగతి. గుండమ్మ కథ తరువాత విజయా వారి తెలుగు చిత్రాలలో పూర్వపు తాజాదనం సన్నగిల్లింది. 1965లో తమిళంలో ఎంగవీట్టు పిళ్లై, 1967లో దిలీప్ కుమార్ నాయకునిగా హిందీలో రామ్ ఔర్ శ్యామ్ నిర్మించి ఘనవిజయాలు పొందారు. అయితే ఆ రెండిటికీ మూలం డి. రామానాయుడు 1964లో నిర్మించిన రాముడు భీముడు. పరీక్షకు నిలిచిన కథను పరభాషలో తీయడం వర్తకునికి క్షేమం. కాని ఒకప్పుడు కొత్త కథను తానే పుట్టించిన సంస్థ పరుల కథపై ఆధారపడడం శక్తి తగ్గుతున్నదనడానికి సూచన.

రెండవది, కాలపు మార్పు. చిత్రీకరణలు స్టూడియో గోడలు దాటి ఆరుబయటకు తరలాయి. తెలుగు చిత్రసీమ క్రమంగా హైదరాబాదుకు మారింది. 1976లో అక్కినేని అన్నపూర్ణా స్టూడియోను అక్కడ ప్రారంభించారు. విజయా వాహినీ వడపళనిలోనే ఉండిపోయింది. అంతస్తులు ఎక్కువైన కొలదీ, అవి ఖాళీగా ఉన్ననాడు జీతాల భారమూ ఎక్కువే. బలమే భారమైంది. స్టూడియో మూతపడింది. 2013లో ఆ ఆవరణలో విజయా పేరుతో ఒక పెద్ద విక్రయ సముదాయం తెరవబడింది.

మూడవది, అతి ముఖ్యమైనది, వారసత్వం. చక్రపాణి స్థానాన్ని నింపగల కథాజ్ఞుడు సంస్థకు మరల లభించలేదు. ఒక్క వ్యక్తి అభిరుచిపై నిలిచిన సౌధం ఆ వ్యక్తితోనే ఒరిగింది. కార్మిక వివాదాలవల్ల 1998లో చందమామ ఆగిపోయి, ఏడాదికి పైగా గడిచిన తరువాత తిరిగి వెలువడింది. నెలజీతపు భరోసాతో పేరు గాంచిన యజమాని సంస్థలో ఇది జరగడం విచారకరం. 2007లో పత్రిక బొంబాయి సంస్థ ఒకదాని చేతికి మారి, కొన్నేళ్లకే నిలిచిపోయింది. భారతదేశమంతటా ఇంటింటి పేరైన పత్రికకు తరువాతి తరం అభిరుచులకు తగిన రూపం ఇవ్వగల వ్యవస్థ ఏర్పడలేదు.

తీర్పు

1986లో భారత ప్రభుత్వం నాగిరెడ్డికి దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం ప్రదానం చేసింది. అన్నగారికి అంతకుముందే ఆ గౌరవం దక్కింది. ఒకే ఇంటి అన్నదమ్ములిద్దరు దానిని పొందడం కడప జిల్లాకు గర్వకారణం. 2004 ఫిబ్రవరి 25న ఆయన చెన్నైలో పరమపదించారు.

సంస్థలను ప్రారంభించడంలో ఆయన అద్వితీయుడు. మనుషులను ఎన్నుకొనడంలో, వారిని నమ్మడంలో అంతకు మించినవాడు. నష్టాన్ని తట్టుకొనే విధంగా వ్యాపారాన్ని పలు శాఖలుగా అల్లడంలో నిపుణుడు. తన తరువాత సంస్థలు తమంతట తాము నడిచే ఏర్పాటు చేయడంలో మాత్రం అంతటి సఫలత పొందలేదు. డిస్నీ నిర్మించినది వ్యక్తిని దాటి బ్రతికింది. నాగిరెడ్డి నిర్మించిన వాటిలో ఆసుపత్రి బ్రతికింది, చిత్రాలు ప్రజల హృదయాలలో బ్రతికాయి, స్టూడియో, పత్రిక కాలగర్భంలో కలిశాయి. వినోదంతో సంపాదించిన ధనాన్ని ఆరోగ్యానికి మళ్లించిన నిర్ణయం, ఆయన లెక్కలో జమవైపు అన్నిటికంటె పెద్ద అంకెగా నిలుస్తుంది.

మరొక విషయం మనం ఆలోచించవలసి ఉన్నది. నీరులేని సీమ ధీమంతులను కనగలదని ఆయన జీవితం రుజువు చేసింది. కాని ఆ ధీమంతులు పరిశ్రమను ఇక్కడ నెలకొల్పడానికి కావలసిన వసతి, విద్య, మూలధనం ఆనాడు ఈ నేలలో లేకపోయాయి. రైలెక్కి పోయినవారు పైకి వచ్చారు, రైలు సాగిపోయిన ఊళ్లు అలాగే ఉండిపోయాయి. మన కళాశాలలలో వాణిజ్యం, అర్థశాస్త్రం చదువుతున్న విద్యార్థినీ విద్యార్థులు నాగిరెడ్డి సాహసాన్ని, ఓర్పును గ్రహించడంతోపాటు ఆయన అసంపూర్ణంగా విడిచిన రెండు పనులను కూడా గుర్తించాలి. స్థాపించిన సంస్థకు తమ తరువాత నడిపించువారిని సిద్ధపరచడం మొదటిది. ఆ సంస్థను తాము పుట్టిన నేలమీద స్థాపించడం రెండవది. ఈ రెండిటినీ సాధించినవారు ఆయన అడుగుజాడలలో నడచి, ఆయన ఆగినచోటు దాటి ముందుకు పోయినవారవుతారు.